గుడారములో బాలిక – బడిలో చోటు

యూరపు ఖండమందలి రోమా జాతివారి భాషలో బాలికకు రెండు పేరులు గలవు. తమవారి బిడ్డను 'ఛయ్' అందురు. పరులబిడ్డను 'రక్లి' అందురు. ఛయ్ అనగా కూతురు అనియు అర్థము. ఇరువురు పిల్లలు ఒకే వీధిలో ఆడుకొనుచున్నను ఈ రెండు మాటలు వారి నడుమ ఒక గీత గీయుచున్నవి. ఆ గీతకు ఈవల పుట్టిన బాలిక ఎట్లు పెరుగును? ఆమెకు పెద్దలు ఏమి నేర్పుదురు? ఏది నేర్వనీయరు? బడిగుమ్మము ఆమెకు మూసినది పొరుగువారా, తనవారా? ఈ విషయమునే నేటి ప్రసంగములో విచారింపదలచితిమి.

ముందుగా ఈ జాతిని గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. వీరి భాష మన చెవికి బొత్తిగా క్రొత్తది కాదు. నీటిని వారు 'పాని' అందురు. ముక్కును 'నఖ్' అందురు. కంటిని 'యఖ్' అందురు. నల్లనివానిని 'కాలో' అందురు. మనిషి వారికిని 'మనుష్' అనియే. లెక్కపెట్టునపుడు 'యెఖ్, దుయ్, త్రిన్' అని మొదలుపెట్టి ఐదును 'పాంజ్' అనియు, పదిని 'దెష్' అనియు ముగింతురు. కాని నడుమ ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చుసరికి 'ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా' అని గ్రీకు మాటలు పలుకుదురు. త్రోవకు వారి మాటయైన 'ద్రోమ్' కూడ గ్రీకుదే. ఉత్తర భారతమునుండి సుమారు వేయి సంవత్సరముల క్రిందట బయలుదేరిన జనులు పారశీకము మీదుగా గ్రీకు దేశములు చేరి, అచట చిరకాలము నివసించి, ఆ పిమ్మట యూరపునందు వ్యాపించిరని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించుటకు ఇట్టి మాటలే ఆధారములు. ఈజిప్టునుండి వచ్చిరని పొరపడి ఇంగ్లీషువారు వీరిని 'జిప్సీలు' అనిరి. తమను తాము వారు 'రోమ్' అని చెప్పుకొందురు. రోమ్ అనగా పురుషుడు, భర్త. 'రోమ్ని' అనగా స్త్రీ, భార్య.

మన లంబాడీలే ఆ రోమావారని తరచుగా వినుచుందుము. సంచారజీవనమును, స్త్రీల వేషభూషలను చూచి కలిగిన ఊహయే గాని ఇరువురిదియు ఒకే శాఖ యని రుజువు కాలేదు. పోలికను చుట్టరికముగా భావింపరాదు. ఐర్లండులోని 'ట్రావెలర్స్' అను సంచారులు కూడ వీరికి జ్ఞాతులు కారు. వారు ఐర్లండులోనే ఏర్పడిన వేరొక సమూహము. 2017లో ఆ దేశప్రభుత్వము వారిని ప్రత్యేకజాతిగా గుర్తించినది.

యూరపులో రోమావారి సంఖ్య 1 కోటికిని 1 కోటి 20 లక్షలకును నడుమ నుండునని అంచనా. వీరిలో అధికసంఖ్యాకులు బహుకాలముగ ఊళ్లలోను, పట్టణములలోను స్థిరపడినవారే. ఇప్పటి రుమేనియాలో చేరిన వలాకియా, మొల్దావియా రాజ్యములలో వీరి పూర్వులు 1856 వరకు బానిసలుగా ఉండిరి. రోమావారందరును రంగురంగుల బండ్లలో తిరుగుచు పాటలు పాడుకొందురని తలచుట చలనచిత్రములు నేర్పిన పొరపాటు. అందుచేత ఇచట మేము జాతినంతను ఒక్క గాటను కట్టక, సంచారకుటుంబములలో పుట్టిన ముగ్గురు బాలికల జీవితములను ముఖ్యముగా పరిశీలింతుము. ముగ్గురును తరువాత గ్రంథకర్త్రులైరి. ముగ్గురికిని అక్షరము అంత సులభముగా లభింపలేదు.

ఆ బాలికల లోకమెట్టిదో మొదట చూతము.

సంచారకుటుంబములలో బాలిక ఏడెనిమిదేండ్లకే చిన్నతల్లి యగును. చంకలో తమ్ముడు, చేతిలో నీళ్ల బకెట్టు. పుల్లలు ఏరుట, పొయ్యి రాజేయుట, పసిపిల్లలను చూచుకొనుట ఆమె పనులు. తండ్రిది కులవృత్తి. కాల్డెరాష్ శాఖవారు రాగిపాత్రలు చేయుదురు, పాత పాత్రలకు కళాయి పెట్టుదురు; వారి పేరునకే కాగులు చేయువారని అర్థము. లోవారి శాఖవారు గుఱ్ఱముల బేరగాండ్రు. తల్లి ఇంటింటికి తిరిగి చిల్లరసామానులు అమ్మును. కొందరు చేయి చూచి జోస్యము చెప్పుదురు. బాలిక తల్లి కొంగు పట్టుకొని వెంట తిరుగుచు, ఏ గుమ్మమున కసరుదురో, ఏ గుమ్మమున రొట్టెముక్క పెట్టుదురో ముఖము చూచియే కనిపెట్టుట నేర్చుకొనును. రాత్రి మంటచుట్టు కూర్చున్నపుడు పెద్దల కథలు, పాటలు, వంశచరిత్రలు విని కంఠస్థము చేయును. ఇదియు విద్యయే, కాని కాగితముపై వ్రాయబడని విద్య.

మడి, మైల అను మాటల నడుమ పెరిగిన మన ఇండ్లవారికి వారి శుచినియమములు వెంటనే బోధపడును. కాల్డెరాష్, లోవారి మొదలగు శాఖలలో మైలను 'మహ్రిమె' అందురు. నడుమునకు పైని ధరించు బట్టలు ఒక తొట్టిలోను, క్రింద ధరించునవి వేరొక తొట్టిలోను ఉతుకవలెను. గిన్నెలు కడుగు పాత్రలో చేతులు కడుగరాదు. ఈడు వచ్చిన బాలిక పొడుగైన పరికిణి ధరించును. దాని అంచు తినెడి పాత్రకు తగిలెనా, ఆ పాత్ర పనికిరాదు. వీరు మురికివారని పొరుగువారు ఈసడింతురు. చేతులు, గిన్నెలు ఒకే తొట్టిలో కడుగు ఆ పొరుగువారే శుచి తెలియనివారని వీరి అభిప్రాయము! ఒకరి నియమములను ఒకరు ఎరుగకయే శతాబ్దములుగా ఇరుగుపొరుగున నివసించిరి.

ఈ నియమముల భారము బాలుని కంటె బాలికపై హెచ్చు. కుటుంబ గౌరవము ఆమె నడవడిపై ఆధారపడియున్నదని పెద్దల నమ్మకము. ఈడు వచ్చిన పిల్లను పరుల బాలురతో ఒకే బల్లపై కూర్చుండబెట్టుటకు వారు జంకుదురు. చిన్నతనముననే సంబంధము చూతురు. కొన్ని శాఖలలో వరుని తండ్రి వధువు తండ్రికి ధనము చెల్లించును. కన్యాశుల్కమను మాట గురజాడవారి నాటకముచేత మనకు సుపరిచితమే. పిల్లను పెంచిన ఇంటికి చేయు గౌరవమని రోమా పెద్దలు దానిని సమర్థింతురు. కాని ఆ బేరములో పిల్ల మాట అడుగువారు అరుదు. అత్తవారింట ఆమె 'బోరి' యగును. మన వధూటి శబ్దమునకును ఈ మాటకును మూలమొక్కటే యని పండితులు చెప్పుదురు. బోరి అందరికంటె ముందు లేచి, అందరికంటె వెనుక పండుకొనవలెను.

ఇది గుడారములోని సంగతి. ఇక గుడారమునకు వెలుపల ఏమి జరిగినదో మొదటి బాలిక జీవితము తెలుపును.

కాతారినా తైకోన్ 1932లో స్వీడన్ దేశములోని ఎరెబ్రు పట్టణమునకు చేరువను జన్మించినది. తండ్రి కాల్డెరాష్ శాఖవాడు, వెండిపనివాడు, వాద్యకారుడు. తల్లి స్వీడిష్ వనిత. కాతారినా పసిబిడ్డగా ఉండగనే క్షయతో మరణించినది. ఆ దేశము 1914 మొదలు 1954 వరకు రోమావారు ప్రవేశింపరాదని శాసించినది. లోపల నున్న కొలదిమందిని ఏ గ్రామమువారును కొన్ని వారములకు మించి గుడారము వేసికొననీయరు. మంచు కురియు దేశములో చలికాలమంతయు గుడ్డగోడల నడుమనే గడచును. బడి మాట ఎత్తినచో, మీరు ఈ ఊరివారు కారు గనుక ఇచటి బడిలో మీకు స్థానము లేదందురు. ఊరివారు ఎట్లగుదురు? ఊరిలో ఉండనీయరు గదా! ఒక చేతితో తరిమి, వేరొక చేతితో తిరుగుబోతులని వ్రాసికొనిరి. సంచారము వారి స్వభావమని మనము తలచుదుము; అచట అందులో సగము ఇతరుల నిర్బంధమే.

కాతారినాకు పదునాలుగేండ్లు నిండీ నిండకమునుపే వివాహము చేసిరి. ఆ కాపురము నిలువలేదు. ఆమె చదువను, వ్రాయను నేర్చినది తన 26వ ఏట, పెద్దవారికై నడపబడు పాఠశాలలో చేరిన పిమ్మట. ఆమె అక్క రోజా ముప్పది దాటిన తరువాత అక్షరములు దిద్దినది. తండ్రి విద్యయైన వెండిపనిలో ఆమె గొప్ప కళాకారిణి యయ్యెను. అక్షరము చేతికి వచ్చిన అయిదారు సంవత్సరములలోనే, 1963లో, కాతారినా తన మొదటి గ్రంథమును ప్రకటించినది. సమానత్వమునకు ప్రపంచమున పేరుగన్న దేశము తన ఇంటిలోనే కొందరు బిడ్డలను మంచులో నిలిపినదని ఆ గ్రంథము చదివినవారు సిగ్గుపడిరి. ఇండ్లకొరకు, బడులకొరకు ఆమె ఊరేగింపులు నడిపినది, మంత్రులతో వాదించినది. 1969లో, ఫ్రాన్సునుండి వచ్చిన 47గురు రోమావారిని స్వీడన్‌లో ఉండనీయవలెనని ఆమె చేసిన పోరాటము విఫలమయ్యెను.

పెద్దల మనస్సులు మార్చుట కష్టమని తోచినపుడు ఆమె పిల్లలవైపు తిరిగినది. ఆ 1969లోనే 'కతిట్సి' అను బాలిక కథ వెలువడినది. 1980 వరకు 13 పుస్తకములుగా సాగిన ఆ కథ ఆమె బాల్యమే. సవతితల్లి కాఠిన్యము, తండ్రి ప్రేమ, బడిలో ఎగతాళి, గుడారము కూల్చి బయలుదేరుమను ఆజ్ఞ – అన్నియు అందున్నవి. తాను అక్షరమెరుగక గడపిన బాల్యమును ఆమె స్వీడిష్ బాలబాలికలు ఆసక్తితో చదువుకొను పుస్తకములుగా మలచినది. 1982లో హఠాత్తుగా గుండె ఆగి స్పృహ కోల్పోయిన ఆమె మరల కోలుకొనక 1995లో మరణించినది. రోమావారికి తాము చేసిన అన్యాయములను స్వీడన్ ప్రభుత్వమే 2014లో ఒక శ్వేతపత్రమున ఒప్పుకొన్నది.

కాతారినాకు బడి మూసినవారు పరులు. రెండవ బాలికకు అడ్డు నిలిచినవారిలో తనవారును ఉన్నారు.

ఆమె పోలండు దేశీయురాలు. అసలు పేరు బ్రోనిస్లావా వైస్. అందరును 'పాపుషా' అని పిలిచెడివారు. రోమానీ భాషలో ఆ మాటకు బొమ్మ అని అర్థము. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో ఆమె బాల్యము నది ఒడ్డులను, అడవి అంచులను సాగు బండ్ల వరుసలో గడచినది. బడినుండి వచ్చు పిల్లలను ఆపి, ఈ గీత ఏమి, ఆ గీత ఏమి అని అడిగి అక్షరములు నేర్చుకొనుచుండెడిది. పిమ్మట ఒక యూదు దుకాణదారుతో బేరము కుదుర్చుకొన్నది: తాను కోడిని తెచ్చి ఇచ్చును, ఆమె పాఠము చెప్పవలెను. ఆ కోళ్లు ఎచటివో చెప్పనక్కరలేదు. గురుదక్షిణకై దొంగతనము చేయవలసి వచ్చిన శిష్యురాలిని చూచి నవ్వవలెనా, విచారింపవలెనా? చదువుచు పట్టుబడినపుడు ఆమెకు దెబ్బలు తప్పలేదు, పుస్తకములు పాడుచేసిరి. సుమారు పదునైదేండ్ల ప్రాయమున తనకంటె ఎంతో పెద్దవాడైన ఒక వీణావాదకునకు ఆమెను ఇచ్చి వివాహము చేసిరి. పిల్లలు కలుగలేదు. ఆ శూన్యమును ఆమె పాటలతో నింపినది.

యుద్ధకాలమున అడవులలో దాగి బ్రతికిన పాపుషాను 1949లో యెర్జీ ఫిత్సోవ్స్కి అను పోలిష్ కవి కలిసికొని, పాటలు వ్రాయుమని ప్రోత్సహించి, వానిని పోలిష్ భాషలోనికి అనువదించెను. 1950లో అవి పత్రికకెక్కినవి. 1956లో సంపుటముగా వెలువడినవి. అదే కాలమున పోలండు ప్రభుత్వము రోమావారి బండ్లను ఆపి వారిని ఒకచోట కూర్చుండబెట్టుటకు పూనుకొన్నది. ఫిత్సోవ్స్కి రోమావారి ఆచారములను, భాషను గూర్చి గ్రంథము కూడ ప్రకటించెను. మన రహస్యములను ఈ స్త్రీ పరులకు అమ్మివేసినదని కులపెద్దలు ఆగ్రహించిరి, ఆమెను వెలివేసిరి. ఆమె మతి చెదిరి ఎనిమిది నెలలు ఆసుపత్రిలో నుండవలసి వచ్చినది. పిమ్మట బహుకాలము దాదాపు మౌనముగనే జీవించి 1987లో కన్నుమూసినది.

ఆ పెద్దలు క్రూరులని తీర్పు చెప్పి లేచిపోవుట సులభము. వారి భయమునకు మూలమేమో కూడ చూడవలసియున్నది. జర్మనీలో హిట్లరు కాలమున ఏఫా యుస్టిన్ అను పరిశోధకురాలు ఉండెను. ఆమె రోమానీ భాష మాటలాడగలదు. ఆమెయు, ఆమె తోడివారును గుడారములకు పోయి, చనవుగా మెలగి, వంశవృక్షములు వ్రాసికొనిరి. ఆ పట్టికలే తరువాత నిర్బంధశిబిరములకు దారితీసినవి. మూల్ఫింగెన్ అను ఊరి అనాథాశ్రమములో తలిదండ్రులకు దూరమైన రోమా పిల్లలను పరీక్షించి ఆమె తన పట్టమునకు సిద్ధాంతవ్యాసము వ్రాసినది. వ్యాసము ముగిసిన తరువాత, 1944 మే మాసములో, ఆ పిల్లలలో 39మందిని ఆష్విట్జ్ శిబిరమునకు పంపిరి. మిగిలి వచ్చినవారు నలుగురు. మన భాష నేర్చుకొని, మన పేర్లు వ్రాసికొనువారిని నమ్మరాదని అనుభవము నేర్పిన జనులకు, కలము పట్టిన తమ ఆడపడుచును చూచి గుండె జల్లుమనుటలో ఆశ్చర్యమేమి? వారు భయపడినది అక్షరమును చూచి కాదు. ఆ అక్షరము ఎవరి చేతిలో పడునో యని. అయినను ఆ భయమునకు మూల్యము చెల్లించినది పాపుషా యొక్కతె.

మూడవ బాలిక ఆ శిబిరములకే పోయి తిరిగివచ్చినది. చేయా స్టోయ్కా 1933లో ఆస్ట్రియాలో ఒక లోవారి కుటుంబమున జన్మించినది. వారు గుఱ్ఱముల బేరగాండ్రు. తండ్రిని నాజీలు చంపిరి. 1943లో తల్లితోను, తోబుట్టువులతోను ఆమెను ఆష్విట్జ్‌కు తరలించిరి. పిమ్మట రావెన్స్‌బ్రూక్, ఆ పిమ్మట బెర్గెన్-బెల్సెన్. చిన్నతమ్ముడు ఆష్విట్జ్‌లోనే చనిపోయెను. ఆష్విట్జ్‌లోని రోమా శిబిరమున మిగిలియున్న సుమారు 4,300 మందిని 1944 ఆగస్టు 2వ తేదీ రాత్రి విషవాయువుతో చంపిరి. చేయాను అంతకుముందే తరలించుటచే ఆమె బ్రతికినది. బెల్సెన్‌లో ఆకులు, చెట్టు జిగురు తిని ప్రాణము నిలుపుకొన్నది. 1945 ఏప్రిల్‌లో విడుదలయగునప్పటికి ఆమెకు నిండా పన్నెండేండ్లు లేవు.

విడుదల తరువాత ఆమె కొలదికాలము మాత్రమే బడికి పోయినది. సంతలలో తివాచీలు అమ్మి బిడ్డలను పెంచినది. ముంజేతిమీది సంఖ్యను గూర్చి నలుబది యేండ్లు ఎవరికిని చెప్పలేదు. ఏబదియవ ఏడు దాటిన పిమ్మట, వంటింటి బల్లయొద్ద కూర్చుండి, తప్పులతోనే, తనకు వచ్చిన అక్షరములతోనే వ్రాయ మొదలుపెట్టినది. 'మేము మరుగున జీవించుచున్నాము' అను అర్థము గల పేరుతో ఆమె స్మృతులు 1988లో వెలువడినవి. ఇట్టివి ఆడవారు బయట పెట్టరాదని తనవారిలో కొందరు గొణిగిరి. ఆమె ఆగలేదు, పిమ్మట కుంచె కూడ పట్టినది. 2013లో మరణించునాటికి ఆస్ట్రియాలోని బడిపిల్లలు ఆమె నోటనే ఆ చరిత్రను వినియుండిరి. పాపుషాకు వెలి ప్రాప్తించిన పనికే చేయాకు గౌరవము లభించినది. నడుమ గడచిన మూడు దశాబ్దములలో మారినదేమి? చేయా ఎవరికో చెప్పి వ్రాయించుకొనలేదు. ఎప్పుడు చెప్పవలెనో, ఎంత చెప్పవలెనో తానే నిర్ణయించుకొన్నది.

ఇవి గతకాలపు కథలని తలచరాదు. చెక్ దేశములోని ఓస్ట్రవా నగరమున 1990వ దశాబ్దములో తెలివి తక్కువ పిల్లలకై ఏర్పరచిన ప్రత్యేకపాఠశాలలలో రోమా పిల్లలు కిక్కిరిసియుండిరి. ఇతర బాలునికంటె రోమా బాలుడు అందులో చేరు అవకాశము 27 రెట్లు హెచ్చని వారి పక్షమున లెక్క చూపిరి. పిల్లల తెలివిని కొలుచు పరీక్షలు ఇతరుల భాషకు, ఇతరుల ఇండ్ల అలవాట్లకు తగినట్లు కూర్చబడినవి. ప్రశ్న అర్థము కాని పిల్లను మందమతి యనిరి! 18 మంది పిల్లలు కోర్టుకెక్కగా, 2007 నవంబరులో యూరపు మానవహక్కుల న్యాయస్థానము వారికి అనుకూలముగా తీర్పు చెప్పినది. తలిదండ్రులు సంతకము పెట్టిరి గదా యని ప్రభుత్వము వాదించినది. ఆ సంతకముతో బిడ్డ భవిష్యత్తు ఏమగునో వారికి తెలిసియుండినదని చెప్పజాలమని న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చినది.

కావున ప్రారంభమున వేసికొన్న ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పుకొనవచ్చును. ఆ బాలికకు గుమ్మము మూసినవారు ఇరువైపులను ఉన్నారు. కాని ఇరువురి తప్పు సమానము కాదు. మొదట తలుపు మూసినది బలవంతుడైన పొరుగువాడు. మూసిన తలుపు ఎదుట నిలిచి, నిలిచి, లోపలివారు తామును గడియ పెట్టుకొనిరి. రెండు గడియలును తీయనిదే పిల్ల బయటకు రాలేదు. వెలుపలి గడియను చట్టము తీయగలదు. లోపలి గడియను చట్టము తీయలేదు. పిల్లను బడికి పంపినచో ఆమె తమకు కాకుండ పోదను నమ్మకము తల్లికి కలుగవలెను. అందుచేతనే ఇపుడు పలుదేశములలో రోమావారినే బస్తీకిని బడికిని నడుమ మధ్యవర్తులుగా నియమించుచున్నారు. స్వీడన్‌లో 2000వ సంవత్సరము నుండి రోమానీకి అల్పసంఖ్యాకుల భాషగా గుర్తింపు కలదు. తన తల్లి పలుకు మాట బడిగోడపై వ్రాసియుండుట చూచిన పిల్ల, బడికి పోవుటకు తన ఇంటిని గుమ్మము వెలుపల విడువనక్కరలేదు.

మేము పనిచేయునది మాట వినిపించు చోట. చదువురానివారికిని మాట అందించుట రేడియోకు గల భాగ్యము. ఐనను ఈ ముగ్గురి చరిత్రలను చదివినపుడు, విని తెలిసికొనుటకును, తానే చదివి తెలిసికొనుటకును గల భేదము మాకు స్పష్టమైనది. వినునపుడు ఇతరులు చెప్పదలచినదే మనకు చేరును. తమను గూర్చి ఇతరులు ఏమి వ్రాసిరో కాతారినా, పాపుషా, చేయా చదువగలిగిరి. కాదని బదులు వ్రాయగలిగిరి. కోడిని దొంగిలించియైనను పాపుషా సంపాదింపదలచినది ఈ శక్తినే. మన ఊరిచివర గుడారము వేసిన కుటుంబమునుండి ఒక బాలిక రేపు మన వీధి బడి గుమ్మమున నిలిచినచో, ఏ ఊరిదానవని అడుగక ముందు, పలక ఉన్నదా యని అడుగుదము.